ఒంటి పళ్ళెం

మోకాళ్ళు అరిగినవాళ్ళు వచ్చే బరువు తగ్గించే కేంద్రాన్ని మేడ మీద పెట్టాలని ఎవరికి తోచిందో నాకు తెలియదు. ఆత్మకూరులో ఒక ఎరువుల అంగడి పైన ఉండేది అది. మెట్లు సన్నంగా, నిటారుగా ఉండేవి. పట్టుకోవడానికి ఒక పక్క గోడ, ఇంకో పక్క తుప్పు పట్టిన ఇనుప గొట్టం. వారానికొకసారి ఆ మెట్ల కింద నిలబడి బిస్మిల్లా అనుకుని ఎక్కేదాన్ని. పైన గోడ మీద ఒక బొమ్మ ఉండేది, సన్నటి అమ్మాయి నవ్వుతూ పరిగెత్తుతున్నట్టు. దాని కింద మేమంతా ఆయాసంతో రొప్పుతూ కూర్చునేవాళ్ళం.

తీర్పు దినాన ప్రతి మనిషినీ వాడు చేసిన పనుల గురించి అడుగుతారని నేను నమ్ముతాను. ఆ మెట్ల గురించి కూడా ఎవరినో అడుగుతారని నా ఆశ.

మాది ఉదయగిరి. మా ఇంట్లో ఆడవాళ్ళం కర్ర గరిటెలు, చెంచాలు చెక్కుతాం. పెళ్ళై వచ్చిన నాటి నుంచి నా పని అదే. ఒక కాలు మడిచి కూర్చుని, ఇంకో కాలి వేళ్ళతో కర్రను అదిమి పట్టి, ఉలితో గుంట తీసి, ఆకురాయితో రుద్దాలి. పొద్దున కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నం నమాజుకే లేచేది. సాయంత్రం వీధిలోని ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పుతాను. వారానికొకసారి మా ముందు గదిలో ఆడవాళ్ళ ఇజ్తెమా జరుగుతుంది. అంటే అందరం చేరి దీన్ మాటలు, ధర్మ సంగతులు చదువుకుని, చెప్పుకుని, దువా చేసుకుని లేస్తాం. ఇలా నా బతుకంతా నేల మీదే గడిచింది. పని, చదువు, నమాజు, తిండి అన్నీ నేల మీదే.

ఆ నేల నాకు కొన్నేళ్ళుగా అందకుండా పోయింది. గోడ పట్టుకుని ఎత్తు పీట మీదికి దిగి, కాళ్ళు చాపుకుని కూర్చోగలను, ఉలి పనీ అలాగే సాగిస్తున్నాను. మోకాళ్ళు మడిచి నేలకు ఆనించడం మాత్రం నా వల్ల కాదు. సజ్దా పోయింది. నమాజులో నుదురు నేలకు ఆనించడమే సజ్దా. దాసుడు తన ప్రభువుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది అప్పుడేనని చిన్నప్పుడే నేర్చుకున్నాను, పిల్లలకు నేనే నేర్పాను. ఇప్పుడు నిలబడి నమాజు మొదలుపెట్టి, తెల్లటి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, గాలిలోకి తల వంచి ముగిస్తున్నాను. అది చెల్లుతుంది. మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ను అడిగించాను, ఏ లోటూ లేదన్నాడు. దేవుడు ఎవరి మీదా మోయలేని భారం పెట్టడని నాకూ తెలుసు. తెలిసినా, అందరూ నేలకు ఒరిగినప్పుడు నేనొక్కదాన్ని ఎత్తులో ఉండిపోవడం నాకు సిగ్గుగా ఉండేది. ఇజ్తెమాలో కూడా అంతే. కింద చాప మీద అందరూ, పైన కుర్చీలో నేను. "కలెక్టరమ్మ వచ్చి కూర్చున్నిట్టు ఉండాది" అని ఒకామె నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు ఏం చదివి వినిపించానో నాకు గుర్తు లేదు.

నెల్లూరులో ఎముకల డాక్టరుకు చూపించుకున్నాను. రెండు మోకాళ్ళూ మార్చాలన్నాడు. సర్కారు పథకం కింద చేస్తారు, అయితే ఇంత బరువు మీద చేయరు, తగ్గి రావాలి అన్నాడు.

"మోకాళ్ళు మారిస్తే నేల మీద సజ్దా చేసుకోగలనా సార్?" అని అడిగాను. నాకు కావలసింది అదొక్కటే. నడక ఎలాగోలా నడుస్తూనే ఉన్నాను.

"జాగ్రత్తగా చేసుకునేవాళ్ళు ఉన్నారమ్మా. అది తర్వాత. ముందు బరువు సంగతి చూడండి" అన్నాడు. ఆత్మకూరులో ప్రభుత్వమే బరువు తగ్గించే కార్యక్రమం నడుపుతోందని, వాళ్ళు చెప్పిన మేరకు తగ్గి, తగ్గినట్టు వాళ్ళే రాసిస్తే ఆపరేషన్‌కు పేరు పెడతామని చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధమని నేననను. నా బరువు నా మోకాళ్ళకు ఎక్కువే. అది మోసేది నేనే కాబట్టి ఏ డాక్టరు కన్నా నాకే బాగా తెలుసు.

అలా ఆ మెట్లు ఎక్కాను.

మొదటి రోజే తూకం వేశారు. యంత్రం మీద నిలబెట్టి, అంకెను ఒక పిల్ల బిగ్గరగా చదివితే, గది ఆ చివర కంప్యూటరు ముందు కూర్చున్నవాడు "ఎంత?" అని మళ్ళీ అడిగితే, ఆమె మళ్ళీ చదివింది. అక్కడ ఉన్నవాళ్ళంతా విన్నారు. మా ఆయన ఉదయగిరి నుంచి కలిగిరి దాకా షేర్ ఆటో తోలతాడు. ఇన్నేళ్ళ సంసారంలో ఆయనకు కూడా నా బరువు చెప్పలేదని ఆ రాత్రి వాపోతే, "నాకెందుకు చెప్పేది? నువ్వు ఎక్కితే నా ఆటో చెప్తాదిలే" అన్నాడు. ఆయన అంటే నవ్వొచ్చింది. ఆ మేడ మీద మాత్రం ఏడుపొచ్చింది.

అంకె చదివిన పిల్లే మాకు పాఠం చెప్పేది. మా ప్రాంతపు పిల్ల కాదు. సన్నగా, శుభ్రంగా, అందరినీ ఆంటీ అంకుల్ అని పిలుస్తూ తిరిగేది. చెడ్డ పిల్ల కాదు. ఆమెకు ఏదో నేర్పించి పంపించారు, అది మాకు అప్పజెప్పేది. మేం ఏం పని చేస్తామని గానీ, ఎక్కడ కూర్చుని ఎవరితో తింటామని గానీ ఎప్పుడూ అడగలేదు. రోజూ అరగంట నడవాలి అని మొదలుపెట్టింది.

నా పక్కన అనంతసాగరం వైపు నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. వాళ్ళకు గొర్రెలున్నాయి. ఎండలో నల్లబడిన లావుపాటి మనిషి, గొంతు కూడా లావే.

"అరగంటేనా పాపా?" అంది ఆమె. "గొర్రెల యెనకాల పొద్దన బోతే పొద్దుగూకినాక వస్తా నేను. అరగంటకే తోలకొస్తే మా ఆయన గొర్రెల్ని వొదిలిపెట్టి నన్ను కోస్తాడు."

గదంతా నవ్వింది. "అది వర్క్ ఆంటీ, వాకింగ్ కాదు. వాకింగ్ అంటే బ్రిస్క్‌గా ఉండాలి" అంది పిల్ల.

"గొర్రి తప్పిపోతే ఎట్టా పరిగెత్తతానో నువ్వు జూళ్ళే" అని, నా వైపు తిరిగి, "ఈ పిల్లకి గొర్రెల్ని జూపియ్యాలక్కా" అంది. ఆ గదిలో నాకు నచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

తర్వాత పళ్ళెం పాఠం. గోడ మీద గుండ్రటి పళ్ళెం బొమ్మ చూపించింది. సగం కూరగాయలు, పావు భాగం అన్నం, పావు భాగం పప్పో గుడ్డో.

"ఈ పళ్ళెం ఎంతమందిదమ్మా?" అని అడిగాను.

మళ్ళీ నవ్వులు. ఈసారి నేనేమీ నవ్వించడానికి అడగలేదు.

"ఒక్కళ్ళదే ఆంటీ. మీ ప్లేటు" అంది. ఇక నుంచి మధ్యాహ్నం తినబోయే ముందు పళ్ళేన్ని ఫోటో తీసి ఫోన్‌లో గ్రూపులో పెట్టాలట. మొత్తం కనిపించాలట, ఏమీ దాచకూడదట. అందరి ఫోన్లూ తీసుకుని ఆ గ్రూపులో చేర్చింది.

మా ఇంట్లో ఒక్కళ్ళ పళ్ళెం అనేది లేదు. మగవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళు ఒక పళ్ళెం చుట్టూ కూర్చుంటారు. ఆడవాళ్ళం ముగ్గురం ఒక పళ్ళెం చుట్టూ కూర్చుంటాం. నేను, మా అత్తగారు, మా కోడలు. అత్తగారిని నేను అమ్మీ అంటాను. కోడలు నా చెల్లెలి కూతురే, అందుకని నన్ను పెళ్ళయ్యాక కూడా ఖాలా అనే పిలుస్తుంది. నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, మధ్యలో వెడల్పాటి పళ్ళెంలో అన్నం పోసి, ఎవరి ముందు నుంచి వాళ్ళు తింటాం. నేను పీట మీద ఒక పక్కకు వాలి చెయ్యి చాస్తాను. కలిసి తినే తిండిలో బర్కత్, దేవుడిచ్చే వృద్ధి, ఉంటుందని మా నమ్మకం, పెద్దవాళ్ళు చూపించిన దారి. అందులో ఒక మర్యాద కూడా ఉంది. మంచి ముక్క ఎవరి ముందు పడినా వాళ్ళు తినరు, వేళ్ళతో ఎదుటివాళ్ళ వైపు నెడతారు. అమ్మీకి పళ్ళు లేవు. నేను మాంసం ముక్కను దారాలు దారాలుగా చీల్చి, అన్నంతో మెత్తగా కలిపి ఆమె వైపు నెట్టేదాన్ని. ఆమె సగం తిని సగం నా వైపు నెట్టేది. "నేనేమన్నా పిల్లనా, నువ్వు తిను" అనేది. నేను మళ్ళీ నెట్టేదాన్ని. ఎవరు ఎంత తిన్నారో లెక్క కట్టడం ఆ పళ్ళెంలో ఎవరి తరమూ కాదు.

ఆ వారం శుక్రవారం బగారన్నం, దాల్చా వండాం. పళ్ళెంలో గుట్టగా పోసి, పైన మాంసం ముక్కలు పెట్టింది కోడలు. ఏమీ దాచకూడదన్నారు గదా, నిజాయితీగా పై నుంచి ఫోటో తీసి పెట్టాను.

నమాజు ముగించి ఫోన్ చూస్తే గ్రూపు నిండా నవ్వే బొమ్మలు. "ఆంటీ!! ఇదంతా ఒక్కరేనా??" అని పాఠం చెప్పే పిల్ల. "ఇది భోజనమా, వలీమానా" అని ఎవరో ఒకాయన. పెళ్ళివిందుకు మేం వాడే మాట వాడాడంటే మావాడే అయి ఉండాలి, అది ఇంకా మండించింది. దాని కింద ఇంకొన్ని నవ్వే బొమ్మలు. అక్షరం అక్షరం వెతుక్కుంటూ "ముగ్గురిది" అని కొట్టి పెట్టాను. అప్పటికే నవ్వులు ముందుకు సాగిపోయాయి, నా మాటను ఎవరూ చూడలేదు.

తర్వాతి వారం ముగ్గురం కలిసి తింటామని చెబితే, ఆ పిల్ల "అలా అయితే మీ పోర్షన్ లెక్క రాదు ఆంటీ. మీది సెపరేట్‌గా పెట్టుకోండి" అని, సర్కారు ఉచితంగా ఇచ్చే స్టీలు పళ్ళెం ఒకటి చేతిలో పెట్టింది. మూడు గడుల పళ్ళెం. అంచు మీద పథకం గుర్తు ముద్రించి ఉంది.

ఇంటికి తెచ్చి దాంట్లో వడ్డించుకున్న రోజు అమ్మీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంది ఇది, జైల్లో ఇచ్చేదా?"

"ఆసుపత్రోళ్ళు ఇచ్చినారు అమ్మీ. నేను దీన్లోనే తినాలంట."

"ఏం? నీకేమన్నా అంటుకొనే జబ్బు ఉండాదా?"

మా ఇళ్ళల్లో మనిషికి విడిగా పళ్ళెం పెట్టేది రెండు సందర్భాల్లోనే. జబ్బు అంటుకుంటుందని భయపడ్డప్పుడు, లేదంటే మాటలు పోయినప్పుడు. పక్కింటామె చూసి పోయి, మా ఇంట్లో అత్తాకోడళ్ళకు చెడిందని వీధిలో చెప్పింది. ఇజ్తెమాలో ఒకామె నన్ను పక్కకు పిలిచి, పెద్ద వయసు అత్తతో సర్దుకుపోవాలని నాకు హితబోధ చేసింది. ఆ బోధ నేనే ఎంతోమందికి చేసి ఉంటాను.

అయినా నేను వదల్లేదు. సజ్దా కోసం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. గోడ పక్కన పీట మీద ఒంటరిగా కూర్చుని, గడుల్లో పెట్టుకున్న కూర నమిలి, ఫోటో పంపేదాన్ని. అమ్మీ, కోడలు దస్తర్‌ఖాన్ దగ్గర తినేవాళ్ళు. మొదట కొంచెం తగ్గాను. మేడ మీద చప్పట్లు కొట్టించారు. తర్వాత యంత్రం ముల్లు అక్కడే ఆగిపోయింది. ఒక వారం కొంచెం పెరిగింది కూడా.

"ఇంట్లో ఏమన్నా దాచుకుని తింటున్నారా ఆంటీ?" అని ఆ పిల్ల నవ్వుతూ అడిగింది.

నేను ఏడేళ్ళ పిల్లప్పటి నుంచి రోజా ఉంటున్న మనిషిని. రోజా అంటే ఎండాకాలం మధ్యాహ్నం, తలుపు వేసి ఉన్న వంటింట్లో, కుండలో చల్లటి నీళ్ళు చేతికి అందేంత దూరంలో ఉన్నా, చూసే మనిషి ఎవరూ లేకపోయినా తాగకపోవడం. నన్ను ఆ మాట అడిగింది. యంత్రం మీద నుంచి దిగి చెప్పులు వేసుకున్నాను. నోరు తెరిస్తే ఏం వచ్చేదో నాకు తెలుసు.

రోజా సంగతి వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. సోమవారం, గురువారం నేను నఫిల్ రోజాలు, తప్పనిసరి కానివి, ఉంటాను. అవి మానుకోమని ఆ పిల్ల మొదట్లోనే చెప్పింది. పూట మానితే ఒంటికి చేటు, కొంచెం కొంచెంగా చాలాసార్లు తినాలంది. కొన్నాళ్ళకు పై నుంచి ఒక అధికారి వచ్చాడు. తెర మీద బొమ్మలు వేసి, పదహారు గంటలు ఏమీ తినకుండా ఉండడం ఎంత మంచిదో చెప్పాడు. దానికి ఏదో ఇంగ్లీషు పేరుంది. ఆ పిల్లే ముందుగా చప్పట్లు కొట్టింది.

నేను లేచాను. "సార్, నన్ను రోజా మానుకోమన్నారు. మీరు చెప్పేది కూడా అదే గదా?"

"మీది రిలీజియస్ అమ్మా. ఇది సైంటిఫిక్" అన్నాడు. అంతే, తర్వాతి బొమ్మకు పోయాడు.

సన్నబడడానికి ఉండే ఉపవాసం రోజా కాదని ఆయనకంటే నాకే బాగా తెలుసు. రోజాకు సంకల్పం ప్రాణం. అది దేవుడి కోసం. నా బాధ అది కాదు. నిన్న తప్పన్నది ఇవాళ ఒప్పయితే, ఇన్నాళ్ళూ నాకు చెప్పింది ఏ ఆధారంతో చెప్పారు? ఏది పనిచేస్తుందో వాళ్ళకే తెలియకపోతే, మమ్మల్ని మేడ ఎక్కించి వాళ్ళు నేర్చుకుంటున్నారా? ఆ ప్రశ్న అడుగుదామంటే అప్పటికే టిఫిను పొట్లాలు పంచుతున్నారు. అందులో రెండు బిస్కెట్లు, ఒక జిలేబీ ఉన్నాయి. గొర్రెలామె జిలేబీని వేలితో పైకెత్తి, "ఇది ఏ గడిలో పెట్టాలక్కా?" అంది.

ఇక అసలు సంగతి.

ఒక మధ్యాహ్నం జొహర్ నమాజు చేస్తున్నాం. నేను నా కుర్చీలో, పక్కన నేల మీద పరిచిన జానిమాజ్ మీద అమ్మీ. ఆమె ఎముకల గూడు లాంటి మనిషే, అయినా ఆ వయసులోనూ సజ్దాకు ఎండుటాకు రాలినంత తేలిగ్గా ఒరిగేది. నాకు ఆమె మీద ఉన్న అసూయ అల్లాహ్‌కు తెలుసు. ఆ రోజు ఒరిగింది, లేవలేదు. నేను కుర్చీలో తల వంచి, ఎత్తి, మళ్ళీ వంచాను. ఆమె అలాగే ఉంది. చేతులు నేలకు ఆనించి లేవబోతోంది, మోచేతులు వణికి మళ్ళీ ఒరిగిపోతోంది. నేను నమాజు విడిచి లేచాను. వంగి ఎత్తబోతే నా మోకాళ్ళు మడవలేదు. ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడి, కోడలి కోసం కేకలు పెట్టడం తప్ప నాకేమీ చేతకాలేదు. నా చేతి కింద ఆమె వెన్ను తగిలింది. గరిటె కాడకు చుట్టిన గుడ్డలా ఉంది, లోపల కర్ర తప్ప ఏమీ లేదు.

కోడలు పరిగెత్తుకొచ్చి ఎత్తి కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది.

"దాదీ సరిగ్గా తినడంలే ఖాలా" అంది. "నువ్వు అటు పోయి కూర్చున్నిప్పటి నుంచి ఇంతే. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటాది. నేను పెడతా ఉంటే వొద్దంటాది."

"నాకెందుకు చెప్పలేదే?"

"దాదీ చెప్పనిస్తేనా? నీ కాళ్ళు బాగుపడతాయి, మధ్యలో అడ్డం పడబాకు అనింది."

"ఎందుకు తినడంలేదు అమ్మీ?" అని గట్టిగానే అడిగాను. భయం వేస్తే నాకు గొంతు పెరుగుతుంది.

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "నువ్వు ఆ గోడ మూల ఒక్కదానివే గడ్డి నమల్తా ఉంటే నాకు ముద్ద ఎట్టా దిగతాది మే? నెట్టేదానికి ఎదురుగా మనిషి ఉండాల గదా."

ఆ కార్యక్రమం వల్ల మా ఇంట్లో ఒక మనిషి బాగా బరువు తగ్గింది. అది నేను కాదు.

తర్వాతి వారం మెట్లెక్కి ఆ పిల్లకు చెప్పాను, ఇక నుంచి నేను మా పళ్ళెంలోనే తింటానని, అందులో నా లెక్క ఎలా వేస్తారో వేసుకోమని.

ఆమె కంప్యూటరు వైపు చూసి, "అయ్యో ఆంటీ, మళ్ళీ తగ్గడం మొదలైంది, టార్గెట్‌కి దగ్గరికి వచ్చేశారు. కొంచెం తగ్గితే లెటర్ ఇచ్చేస్తారు. ఇంకొక్క నెల ఓపిక పట్టండి" అంది. ఆ మాట వినగానే నా కళ్ళ ముందు మా ముందు గది నేల కనిపించింది. అబద్ధం ఎందుకు, ఒక్క నెలే గదా అని నా మనసు కూడా అంది.

"నేను పడతా ఓపిక. మా అత్త పట్టలేదు. నెలకి ఆమె గోరీలో ఉంటాది" అన్నాను.

"ఆవిడ కోసం వేరే స్కీమ్ ఉంది ఆంటీ. తక్కువ బరువున్న పెద్దవాళ్ళకి న్యూట్రిషన్ పౌడర్ ఇస్తారు. పేరు రాయించమంటారా?"

ఆ పిల్ల మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఒక పళ్ళెంలో కలిసి తినే ముగ్గురిని విడదీయాలట. ఒకరిని తగ్గించడానికి ఒక పథకం, ఇంకొకరిని పెంచడానికి ఇంకో పథకం. రెండింటికీ చెరొక కేంద్రం, చెరొక అధికారి, చెరొక గుర్తు ముద్రించిన స్టీలు సామాను. ఖర్చు ప్రజలది. నేను చెంచా చెక్కేటప్పుడు గుంట లోతు ఎక్కువైతే కాడ సన్నం చేసి సర్దను. చెంచా మొత్తాన్ని చూసుకుంటాను.

"మా అత్తకి పౌడరు వొద్దమ్మా. ఎదురుగా మనిషి కావాల. అది మీ స్కీములో ఉండాదా?" అని అడిగి లేచాను. ఆమెకు అర్థం కాలేదు. అర్థం కావాలని నేనూ ఆగలేదు.

మెట్ల దగ్గర గోడ మీద కొత్త బొమ్మ అతికించి ఉంది. బరువు తగ్గి చూపించినవారట. చూస్తే మన గొర్రెలామె, ఆ జిలేబీ రోజు తర్వాత నెలల తరబడి నాకు కనబడని మనిషి. సగానికి చిక్కిపోయి, నోరు బిగించుకుని నిలబడి ఉంది. ఆమే వెనక నుంచి వచ్చి నా భుజం తట్టింది. మాట్లాడుతుంటే పళ్ళు లేవు.

"ఎట్టా తగ్గినావే?" అన్నాను.

"పళ్ళన్నీ పుచ్చిపోతే పీకిచ్చుకున్యానక్కా. నెలల తరబడి గంజే. ఆ మాటే సార్‌కి చెప్పినా. 'అదంతా ఎందుకు, నువ్వు నవ్వు' అన్యాడు. ఎట్టా నవ్వేది, నోట్లో ఏమన్నా ఉంటే గదా!"

ఇద్దరం ఆ మెట్ల మీద ఇనుప గొట్టం పట్టుకుని నవ్వాం. కిందికి దిగేదాకా నవ్వుతూనే ఉన్నాం. బస్సెక్కాక నాకు దుఃఖం వచ్చింది. ఆమెను చూసి ఎక్కడో కూర్చున్న పెద్దలు పథకం పనిచేస్తోందని అనుకుంటారు. ఇంకో ఊళ్ళో ఇంకో మేడ అద్దెకు తీసుకుంటారు.

ఆ మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ పక్కకు నా పీట లాక్కున్నాను. చేపల పులుసు. ముల్లు తీసి, చేపను మెత్తగా నలిపి, అన్నంలో కలిపి అమ్మీ వైపు నెట్టాను. ఆమె అందులో సగం నా వైపు నెట్టింది. "ఇంతేనా నీ మోకాళ్ళ మీద ప్రేమ?" అంది. తినడం మొదలుపెట్టింది.

ఫోన్ మోగింది. "ఆంటీ, ఈ రోజు మీ ప్లేట్ ఫోటో రాలేదు" అని గ్రూపులో. కోడలితో ఫోటో తీయించాను. వెడల్పాటి పళ్ళెం, అందులో మూడు చేతులు. అది పంపి గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను. మూడు గడుల పళ్ళెంలో ఇప్పుడు ఉలులు ఒక గడిలో, ఆకురాళ్ళు ఒక గడిలో, గరగర కాగితం ఒక గడిలో పెట్టుకుంటున్నాను. ప్రజల సొమ్ముతో కొన్నది గదా, ఏదో ఒక పనికి రావాలి.

బరువు తగ్గినట్టు వాళ్ళు రాసిచ్చే కాగితం నాకు రాలేదు. ఆపరేషన్ జరగలేదు. కేంద్రం ఆ మేడ మీదే ఉందని విన్నాను. నేను ఇప్పటికీ కుర్చీలోనే నమాజు చేస్తున్నాను. ప్రతి సజ్దాలో నేల కోసం ఏడుస్తున్నాను, అడగవలసినవాడిని అడుగుతూనే ఉన్నాను.

అమ్మీకి ఒంట్లో కొంచెం సత్తువ వచ్చింది. మునుపటంత తేలిగ్గా మాత్రం లేవలేకపోతోంది. సజ్దా చేశాక చెయ్యి చాపి నా కుర్చీ కాలు పట్టుకుంటుంది, దాని మీద బరువు వేసి మెల్లగా లేస్తుంది. మొన్న సలాం తిప్పి నమాజు ముగించాక, నేను ఇంకా కూర్చునే ఉన్న కుర్చీ కాలును ఒకసారి ఊపి చూసింది. అది కదల్లేదు.

"గట్టిగా ఉండాది" అంది. "నువ్వు వాళ్ళు చెప్పినంత చిక్కిపోయుంటే, ఇది నాతోపాటు ఎప్పుడో బోర్లా పడుండేది."